తుపాకి మడమ కట్టెదా, ఫైబర్‌దా?

పోయిన వానాకాలంలో మా కాక నౌకరీ ఊడేదాకా వచ్చింది. కారణం ఒక తుపాకి. అది పేలలేదు, పగిలింది.

కాక మన వర్లీ చాలుల్లో పుట్టి పెరిగినవాడే. పద్దెనిమిదేళ్లకు మిల్లులో బదిలీగా చేరాడు. సాంచాల ఖాతాలో రెండేళ్లు చేశాడో లేదో 1982 జనవరిలో సమ్మె మొదలైంది. ఆ సమ్మె సంగతి మన ఇళ్లల్లో కొత్తగా చెప్పక్కర్లేదు. రెండున్నర లక్షల మందిలో ఒకడిగా గేటు బయటికి వచ్చిన కాక మళ్లీ లోపలికి పోలేదు. భివండిలో పదిహేనేళ్లు సాంచాలు నడిపాడు. రాత్రి పాళీలు ఒంటికి పడక సెక్యూరిటీ కంపెనీలో చేరాడు, ట్రైనింగ్ తీసుకున్నాడు, గన్‌మన్ అయ్యాడు. ఇప్పుడు ఒక బ్యాంకు బ్రాంచి ముందు నిలబడతాడు. తుపాకీ దాని లైసెన్సూ బ్రాంచివి, జీతం ఇచ్చేది కంపెనీ, జవాబుదారీ మాత్రం కాకది. వట్టి వాచ్‌మన్ జీతానికీ గన్‌మన్ జీతానికీ ఉన్న తేడాతోనే వాళ్లింట్లో కరెంటు బిల్లు, మందుల ఖర్చు వెళ్తాయి.

ఆ తుపాకి 12 బోర్ డబుల్ బ్యారెల్. కాక కంటే ముందు ఆ గేటు దగ్గర నలుగురైదుగురు దాన్ని మోశారు. ఆగస్టులో ఒకరోజు పొద్దున దాని మెడ దగ్గర పగులు కనపడింది.

"కింద పడేయలే బిడ్డా," అన్నాడు నాతో. "పొద్దుగాల అల్మారీల నుంచి తీసిన. గొట్టాలు విప్పి చూసి మూసిన. పటుక్‌మన్నది. చూస్తే ట్రిగ్గర్ ఎనక గీత. తెల్లారేసరికి రెండు వేళ్ల పొడుగైంది."

సూపర్‌వైజర్ నమ్మలేదు. "పడేశావు, ఒప్పుకో. రిపేరు ఖర్చు మూడు నెలలు జీతంలో కోస్తాం. లేకపోతే గన్ వదిలి లాఠీ డ్యూటీ చెయ్యి" అన్నాడు.

ఆ ఆదివారం కాక మా ఇంటికి వచ్చాడు. మా పెద్దోడు ఫైబర్‌గ్లాస్ కంపెనీలో పనిచేస్తాడు, ట్యాంకులు, ప్యానెళ్లు తయారుచేసే చోట. వాడు విన్నాడో లేదో తీర్పు చెప్పేశాడు. "తాతా, ఈ కాలంల కట్టె ఎవరు పెడుతున్నరు? ఫైబర్‌ది పెట్టిస్తే అయిపోతది. వానకు ఉబ్బదు, పగలదు."

కాకకు మండింది. "ఫైబర్‌ది చౌపాటీల పిల్లగాండ్లకు అమ్ముతరు. గన్ అంటే కట్టె ఉండాలె."

ఇద్దరిలో ఎవరిది నిజం? నాకూ తెలియదు. తెలుసుకుందామని మొదలుపెడితే, ఈ కట్టె-ఫైబర్ తగాదా వేటతుపాకుల లోకంలో అరవై ఏళ్లుగా నడుస్తున్నదని తెలిసింది. ఇంకో సంగతి కూడా తెలిసింది. ఆ తగాదాలో ఉన్న సరుకంతా మనకు తెలిసిందే: పత్తి, నైలాన్, గాజు నూలు, పడుగు, పేక, గాలిలో తేమ.

మడమ, మెడ, ముందరి కట్టె

తుపాకిలో ఇనుము పని ఇనుముది. గొట్టం, ట్రిగ్గర్, తూటా పెట్టే అర అన్నీ లోహమే. వాటన్నిటినీ పట్టుకుని మన భుజానికి ఆనించేది స్టాక్. మన మాటల్లో మొత్తాన్నీ మడమ అనేస్తాం గానీ దానిలో మూడు భాగాలున్నాయి. భుజానికి తగిలేది మడమ. ట్రిగ్గర్ వెనక చెయ్యి పట్టుకునే సన్నని చోటు మెడ. గొట్టం కింద ఎడమ చెయ్యి పట్టేది ముందరి కట్టె.

తుపాకి పేలినప్పుడు వెనక్కి తన్నుతుంది. ఆ తన్ను ఇనుములోంచి కట్టెలోకి, కట్టెలోంచి భుజంలోకి పోతుంది. దారిలో అన్నిటికంటే సన్ననిది మెడ. అందుకే పాత తుపాకులు ఎక్కువగా అక్కడే పగులుతాయి.

మంచి స్టాక్‌కు పేరుపడిన కట్టె వాల్‌నట్, అంటే అక్రోటు చెట్టుది. కాశ్మీరులో పెట్టెలకూ బల్లలకూ చెక్కేదీ ఆ కట్టెనే. బరువుకు తగ్గ బలం ఉంటుంది, ఉలికి చక్కగా తెగుతుంది, దెబ్బకు తొందరగా చీలదు, ఒకసారి బాగా ఆరితే ఆకారం మార్చుకోవడం తక్కువ. కోసిన దిమ్మను ఏళ్ల తరబడి నీడలో ఆరబెట్టి, మెడ దగ్గర కట్టె రేఖలు పొడుగునా నేరుగా పోయేటట్టు చూసి చెక్కుతారు. రేఖలు అక్కడ ఏటవాలుగా దిగితే పగులుకు దారి వేసినట్టే.

జిమ్ కార్బెట్ పేరు విన్నారు కదా. 436 మందిని పొట్టన పెట్టుకుందని చెప్పే చంపావత్ ఆడపులిని 1907లో చంపినందుకు ఆయనకు బహుమానంగా వచ్చిన .275 రిగ్బీ రైఫిల్ మడమ వాల్‌నట్‌దే. మైసూరు, సేలం, చిత్తూరు అడవుల కథలు రాసిన బెంగళూరు కెన్నెత్ ఆండర్సన్ చేతిలోని .405 వించెస్టర్‌దీ కట్టె మడమే. ఆ కాలంలో ఇంకోటి పెట్టవచ్చన్న ఆలోచనే లేదు.

మన దేశంలో 1972 వన్యప్రాణి రక్షణ చట్టంతో సరదా వేట ముగిసింది. ఇప్పుడు ఈ కట్టె-ఫైబర్ తగాదా ఎక్కువగా అమెరికా, యూరప్, ఆఫ్రికా వేటగాళ్లది. మన దగ్గర లైసెన్సు ఉన్నవాళ్ల చేతుల్లో కనపడేవి సర్కారు ఆర్డినెన్స్ కర్మాగారాల .315 రైఫిళ్లు, 12 బోర్ తుపాకులు. వాటిలో మనం రోజూ చూసేది బ్యాంకు గేటు దగ్గరి 12 బోర్‌నే.

నీళ్లు తాగే కట్టె

మిల్లు ఖాతాలో పైనుంచి సన్నగా నీటి తుంపర వదిలేవాళ్లు, గుర్తుందా? మగ్గాల ఖాతాలో తేమ 80 శాతం దాకా ఉంచేవాళ్లు. ఎందుకంటే పత్తి నూలు తేమ తాగితేనే బలంగా ఉంటుంది. ఎండిపోతే టపటపా తెగుతుంది. తేమ తగ్గిన రోజున పడుగు ముడేసీ ముడేసీ వేళ్లు నొప్పి పుట్టాయని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

పత్తీ కట్టే ఒక తల్లి బిడ్డలు. రెండింట్లోనూ ఉన్నది సెల్యులోజే. మిల్లులో నూలు తూచేటప్పుడు రీగెయిన్ లెక్క ఉండేది కదా. మామూలు గాలిలో పెట్టిన పత్తి, ఎండినప్పటి తన బరువులో వందకు 8.5 వంతుల నీళ్లు పట్టుకుంటుందని లెక్క. నైలాన్ సుమారు 4 వంతులు, పాలిస్టర్ 0.4 వంతు. గాజు నూలు లోపలికి ఏమీ తాగదు. కట్టె మాత్రం పత్తిని మించింది. అదే గాలిలో వందకు 12 వంతుల దాకా పట్టుకుంటుంది. ఎండల్లో గాలి బాగా పొడిబారితే 6కు దిగుతుంది, ముంబై వానాకాలంలో 18 దాటుతుంది.

తాగిన నీళ్లతో కట్టె ఉబ్బుతుంది. పొడుగునా దాదాపు పెరగదు, అడ్డంగా పెరుగుతుంది. వానాకాలంలో మన చాలు తలుపులు పట్టేసుకుంటాయి, చూడండి, అదే సంగతి. పత్తిపోగు కూడా తడిస్తే పొడుగు పెద్దగా పెరగదు, లావెక్కుతుంది.

తలుపు పట్టేసుకుంటే భుజంతో నెట్టి తెరుస్తాం. రైఫిల్‌కు అది కుదరదు. ముందరి కట్టె ఉబ్బి ఒక పక్కకు వంగిందంటే గొట్టాన్ని తాకుతుంది. పేలినప్పుడు గొట్టం సన్నగా వణుకుతుంది. ఆ వణుకు ప్రతిసారీ ఒకేలాగ ఉంటేనే గుండు ఒకే చోట పడుతుంది. కట్టె పక్కనుంచి ఒత్తితే వంద గజాల దూరంలో గుండు అంగుళాల తేడాతో పడుతుంది. ఎండాకాలంలో గురి సరిచేసుకున్న రైఫిల్ వానల్లో గురి తప్పేది ఇందుకే. వేటగాళ్లు గొట్టానికీ కట్టెకూ నడుమ ఒక కాగితం దూర్చి అటునుంచి ఇటు లాగి చూసుకుంటారు. కాగితం ఎక్కడ ఆగితే అక్కడ కట్టె తాకినట్టు.

వియత్నాం వానలు చెప్పిన తీర్పు

రెమింగ్టన్ కంపెనీ 1962లో తెచ్చిన 700 అనే రైఫిల్ అమెరికాలో వేటగాళ్ల రైఫిల్. 1966లో అమెరికా మెరీన్లు దాన్నే దూరం నుంచి గురిచూసి కొట్టే సైనికుల కోసం తీసుకుని ఎం40 అని పేరు పెట్టారు. మడమ వాల్‌నట్‌ది. దాన్ని వియత్నాం తీసుకుపోయారు. అక్కడి వానలకు, అడవిలోని తేమకు ఆ కట్టె ఉబ్బింది, వంగింది. గురి మారిపోయింది. ప్రాణం దాని మీద ఆధారపడ్డవాడికి అది చిన్న సంగతి కాదు. 1970లలో ఆ రైఫిల్‌ను మార్చి ఎం40ఎ1 చేసినప్పుడు కట్టె తీసేసి మెక్‌మిలన్ వాళ్ల ఫైబర్‌గ్లాస్ స్టాక్ పెట్టారు. ఎం14 అనే మామూలు సైనిక రైఫిల్‌కు కూడా అప్పటికే ఫైబర్‌గ్లాస్ మడమలు వచ్చాయి.

అంతకు ముందే 1960లలో గురిపందేలకు పోయే అమెరికన్లు కొందరు ఫైబర్‌గ్లాస్ వాడడం మొదలుపెట్టారు. పందెంలో వెంట్రుకవాసి తేడా కూడా లెక్కే కదా. పందెం వాళ్ల నుంచి, సైనికుల నుంచి అది వేటగాళ్లకు పాకింది. మంచు కొండల్లో, వానల్లో తిరిగేవాళ్లు ముందు మారారు.

నైలాన్ తుపాకి

ఫైబర్‌గ్లాస్ కంటే ముందే నైలాన్ వచ్చింది. ఈ కథ మన మిల్లుల వాళ్లు తప్పక వినాలి.

నైలాన్‌ను 1935లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోదర్స్ అనే శాస్త్రవేత్త బృందం తయారుచేసింది. 1940లో ఆడవాళ్ల మేజోళ్లుగా బజారుకు వచ్చింది. యుద్ధకాలంలో పారాషూట్ అయింది. ఆ డ్యూపాంట్ చేతిలోనే 1933 నుంచి రెమింగ్టన్ తుపాకుల కంపెనీ కూడా ఉండేది. చవకగా ఒక .22 రైఫిల్ చేయాలనుకున్నప్పుడు కట్టె మడమ చెక్కే ఖర్చే అడ్డమొచ్చింది. మిల్లులో కూలి ఖర్చు లెక్క ఎట్లా వేసేవాళ్లో అక్కడా అంతే. మనిషి చేతి పని తగ్గాలి. రెమింగ్టన్ వాళ్లు డ్యూపాంట్‌ను అడిగారు: కట్టె లాగ గట్టిగా ఉండి, అచ్చులో పోస్తే ఒకే దెబ్బకు తయారయ్యేది ఉందా?

1959లో నైలాన్ 66 రైఫిల్ వచ్చింది. మడమ కుడి సగం, ఎడమ సగం విడివిడిగా అచ్చులో పోసి అతికించారు. జనం నవ్వారు. కాక చెప్పినట్టే, బొమ్మ తుపాకి అన్నారు. అదే ఏడాది టామ్ ఫ్రై అనే రెమింగ్టన్ ఉద్యోగి ఆ రైఫిళ్లతో గాలిలోకి ఎగరేసిన చెక్క ముక్కలను వరసగా రోజుల తరబడి కొట్టాడు. మొత్తం 1,00,010 ముక్కలు. తప్పినవి ఆరు. నవ్విన నోళ్లు మూతపడ్డాయి. ఆ రకం రైఫిళ్లు పది లక్షలకు పైగా అమ్ముడుపోయాయి.

అక్కడ కట్టె చెక్కే పని చేతులకు తగ్గింది. ఇది మనకు కొత్త కాదు. మన మిల్లులో కండెలు కట్టెవి ఉండేవి, ప్లాస్టిక్‌వి వచ్చాయి. నాడెను కొట్టే పికర్ దున్నపోతు తోలుది ఉండేది, నైలాన్‌ది వచ్చింది. కట్టె కండెలు చెక్కేవాళ్లకు, తోలు పికర్లు చేసేవాళ్లకు పని తగ్గింది. కట్టె కండె మాత్రం చాలా ఇళ్లల్లో ఇప్పటికీ ఉంది. మా అమ్మ దాంతోనే పప్పు మెదుపుతుంది.

ఫైబర్ అంటే బట్టే

మా పెద్దోడి పని చూసేదాకా ఫైబర్‌గ్లాస్ అంటే ఒకరకం ప్లాస్టిక్ అనుకున్నాను. ఒకసారి వాడు కోసిన ముక్క ఇంటికి తెచ్చాడు. తెల్లగా మెరుస్తున్న బట్ట. కాక దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని, వెలుతురుకు పెట్టి చూశాడు. "ఇది సాదా నేత రా. పడుగు, పేక సమానం. అంచు సరిగ లేదు" అన్నాడు.

అవును, అది నేసిన బట్టే. గాజును కరగబెట్టి సన్నటి రంధ్రాల్లోంచి లాగితే పోగులవుతాయి. వాటిని కలిపి నూలు చేసి, మగ్గం మీద నేస్తారు. ఆ బట్టను అచ్చులో పొరలు పొరలుగా పరిచి రెసిన్ పూస్తారు. రెసిన్ గట్టిపడితే ట్యాంకు అవుతుంది, పడవ అవుతుంది, తుపాకి మడమా అవుతుంది. మంచి ఫైబర్‌గ్లాస్ స్టాక్ చేసే పద్ధతి ఇదే. ఇంకా ఖరీదైన కార్బన్ స్టాక్ కూడా నూలు నుంచి వచ్చిందే. స్వెట్టర్లకు వాడే యాక్రిలిక్ జాతి పోగును గాలి తగలకుండా మహా వేడిలో కాలిస్తే కార్బన్ పోగు అవుతుంది. కార్బన్ స్టాక్ మీద నల్లటి ఏటవాలు గీతలు కనపడితే, అది ట్విల్ నేత అని మన ఆడపిల్లలు కూడా చెప్పేస్తారు.

అందుకని "కట్టెనా, ప్లాస్టిక్కా" అని అడిగితే సగమే అడిగినట్టు. బజారులో రెండు రకాల ఫైబర్ ఉన్నాయి. ఒకటి ఇట్లా బట్ట పరిచి చేసినది. రెండోది కరిగిన ప్లాస్టిక్‌ను బకెట్ పోసినట్టు అచ్చులోకి దూర్చి చేసినది. చవక రైఫిళ్ల మీద వచ్చేది ఈ రెండోది. నీళ్లకు ఇబ్బంది లేదు కానీ లోపల బోలుగా ఉంటుంది, కొమ్మకు తగిలితే ఖాళీ డబ్బాలాగ మోగుతుంది. ముందరి భాగం చేత్తో గట్టిగా ఒత్తితే వంగి గొట్టాన్ని తాకుతుంది. వానకు వంగే కట్టెను వద్దని చేతికి వంగే ప్లాస్టిక్ తెచ్చుకుంటే లాభమేముంది?

పని చేసేవాళ్ల సంగతి కూడా ఒక మాట. పత్తి దుమ్ము మన పెద్దవాళ్ల ఊపిరితిత్తులను తిన్నది. గాజు పొడి చర్మాన్ని పొడుస్తుంది, గొంతును గీరుతుంది. మా వాడు ఇంటికి రాగానే బట్టలు విడిగా పడేసి చన్నీళ్లతో చేతులు కడుక్కుంటాడు. చేతులు రుద్దుకుంటే ఇంకా లోపలికి దిగుతుందట. మాస్కు, గ్లౌజులు కంపెనీ ఇవ్వాలి, మనవాళ్లు వేసుకోవాలి.

కట్టె తరఫున నాలుగు మాటలు

కట్టె పక్షాన కూడా చెప్పాలి. చలిలో చేతికి, చెంపకు కట్టె వెచ్చగా ఉంటుంది. మనిషి భుజానికి, మెడ పొడుగుకు తగ్గట్టు చెక్కి, అరగదీసి సరిచేయవచ్చు. గీత పడితే గీకి నూనె పట్టించవచ్చు. విరిగితే అతికించవచ్చు. అచ్చుపోసిన ప్లాస్టిక్ విరిగితే చాలాసార్లు పారేయడమే. తండ్రి రైఫిల్ కొడుకు, కొడుకుది మనవడు వాడుకునేది కట్టె బాగుచేసుకునే వీలు ఉండబట్టే.

రెంటికీ మధ్య దారి కూడా ఉంది. కట్టెను పల్చని పొరలుగా కోసి, జిగురుతో ఒత్తి అతికిస్తారు. ఒక పొర ఒకవైపు వంగబోతే పక్క పొర ఆపుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల మౌజర్ రైఫిళ్లకు ఇట్లాంటి మడమలే పెట్టారు. వేట రైఫిళ్లకు ఇప్పుడూ వస్తున్నాయి, కాస్త బరువు ఎక్కువ. ఇది కూడా మనకు తెలిసిందే. కాక మిల్లులో వాడిన నాడె ఒంటి కట్టె కాదు. పొరలు పేర్చి, రెసిన్ పట్టించి, వేడిలో అదిమిన బీచ్ కట్టె. నిమిషానికి నూట యాభైసార్లకు పైగా ఈ పెట్టెలోంచి ఆ పెట్టెలోకి కొట్టుకునే నాడెకు మామూలు కట్టె ఎన్నాళ్లు ఆగుతుంది?

ఇంకో పద్ధతి, మడమ కట్టెదే ఉంచి, లోపల ఇనుము కూర్చునే గుంటలో మాత్రం గాజు పోగు కలిపిన రెసిన్ పోయడం. బయట చూడ్డానికి కట్టె, లోపల కదలని పీఠం. చాలామంది వేటగాళ్లు దీనితో సర్దుకున్నారు.

కాక తుపాకి ఏమైంది

తుపాకి రిపేరు వడ్రంగి దగ్గర చేయించకూడదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి బాగుచేసేవాడికి లైసెన్సు ఉండాలి. బ్రాంచి వాళ్లు కాగితం రాసిచ్చి, మనిషిని తోడిచ్చి, లైసెన్సున్న ఒక పాత దుకాణానికి పంపారు. కాక వెళ్లాడు, నేనూ పెద్దోడూ వెంట వెళ్లాం.

దుకాణం ముసలాయన తుపాకి తీసుకుని ముందు ఖాళీగా ఉందో లేదో చూశాడు. స్క్రూలు విప్పి ఇనుమును కట్టెలోంచి పైకి లేపాడు. లోపలి కట్టె నల్లగా, జిడ్డుగా ఉంది. గోరుతో నొక్కితే దిగింది.

"దీన్ని ఎట్లా నిలబెడతారు?" అని అడిగాడు.

"అల్మారీల గొట్టం మీదికి పెట్టి," అన్నాడు కాక. "నేను రాకముందు నుంచి గట్లనే."

"వానాకాలం వచ్చిందంటే తుప్పు భయంతో గొట్టానికి నూనె మీద నూనె పోస్తారు. నిలబెట్టిన తుపాకిలో ఆ నూనె కిందికి జారి ఇక్కడికి దిగుతుంది. ఇరవై ముప్పై ఏళ్లు తాగితే కట్టె మెత్తబడుతుంది. మెత్తబడ్డ కట్టె ఇనుము తన్నుకు నిలవదు."

ఆ తర్వాత పగులును కొద్దిగా విప్పి, టార్చి వేశాడు. నేను చూసేలోపే కాక అన్నాడు: "నల్లగున్నది."

ముసలాయన కాక వైపు చూశాడు.

"మా నాడె పగిలితే గిట్లనే చూసేటోళ్లం," అన్నాడు కాక. "కొత్త పగులైతే లోపల తెల్లగ ఉంటది. నల్లగ, మురికి పట్టి ఉన్నదంటే ఎప్పటిదో. మా జాబర్ కూడా గిట్లనే కూలి కోసేటోడు. పగులు చూపిస్తే నోరు మూసుకునేటోడు."

నిజమే. పగులులో మూడొంతులు నల్లగా ఉంది. చివర వేలెడు మాత్రం లేత రంగులో ఉంది. అంటే లోపల ఏళ్ల నుంచి ఉన్న పగులు ఆ పొద్దున బయటపడింది. దానికి తోడు మెడ దగ్గర కట్టె రేఖలు ఏటవాలుగా దిగాయి.

పెద్దోడు అడిగాడు, ఫైబర్ స్టాక్ పెట్టవచ్చు కదా అని. ముసలాయన నవ్వాడు. "కొత్త రైఫిల్ అయితే పెట్టు బాబూ, నేనే చెబుతాను. వానలో తిరిగేవాడికి ఫైబర్ మంచిది. ఈ పాత జోడు గొట్టాల తుపాకికి కట్టెను చేత్తో సరిపెట్టారు. దీనికి తయారు స్టాక్ ఎక్కడ దొరుకుతుంది?"

ఆయన చేసిన పని ఇది. ముందు అసిటోన్‌తో, సుద్దపొడి ముద్దతో కట్టెలోని నూనె లాగించాడు. దానికే చాలా రోజులు పట్టింది. పగులులోకి ఎపాక్సీ పంపి బిగించాడు. మెడలోపల పొడుగునా ఒక ఇత్తడి పుల్ల దించాడు. ఇనుము కూర్చునే గుంటలో సన్నటి గాజు బట్ట ముక్కలు పరిచి రెసిన్ పూశాడు. తీసుకోవడానికి మళ్లీ వెళ్లినప్పుడు మిగిలిన ముక్క బల్ల మీద ఉంది. పెద్దోడు చేతిలోకి తీసుకున్నాడు. "తాతా, మా కంపెనీల వాడే బట్టే ఇది."

కాక ఏమీ అనలేదు. ముక్క అడిగి జేబులో పెట్టుకున్నాడు.

ముసలాయన బిల్లు మీద రెండు వాక్యాలు రాసిచ్చాడు: లోపలి కట్టె నూనెతో పాడైందని, పగులు పాతదని. ఆ కాగితం చూశాక సూపర్‌వైజర్ కోత ఆపాడు. మొదటి నెల కోసిన డబ్బు మాత్రం ఇంకా వెనక్కి రాలేదు. కాక నెలనెలా అడుగుతూనే ఉన్నాడు. గన్ డ్యూటీ నిలబడింది, అదే పదివేలు అంటుంది చిన్నమ్మ.

గన్‌మన్‌గా చేసే మనవాళ్లకు

మన బస్తీల్లో మిల్లు మూతబడ్డాక గేట్ల దగ్గర నిలబడ్డవాళ్లు చాలామంది ఉన్నారు. దుకాణం ముసలాయన, కాక చెప్పిన నాలుగు సంగతులు ఇక్కడ రాస్తున్నాను. అనుమతి ఉన్నంతవరకే చేయండి, తుపాకి ఖాళీ అని రెండుసార్లు చూసుకున్నాకే చేయండి.

నూనె గుడ్డకు పట్టించి తుడవండి, గొట్టంలో పోయకండి. తుడిచాక కొంతసేపు గొట్టం కిందికి వాల్చి ఉంచితే మిగిలిన నూనె కట్టెలోకి దిగదు.

వానలో తడిస్తే పొడిగుడ్డతో తుడిచి గాలి తగిలే నీడలో ఆరనివ్వండి. ఎండలో గానీ హీటర్ ముందు గానీ పెడితే కట్టె పైన ఎండి లోపల తడిగా ఉండి చీలుతుంది. తడి గుడ్డ కవరులో పెట్టి మూయకండి.

మడమ చివర, పలక కింద ఉన్న కట్టె ఎక్కువ నీళ్లు తాగుతుంది. కట్టెను అడ్డంగా కోసిన ముఖం అది. సర్వీసుకు పోయినప్పుడు ఆ చోట అవిసె నూనె గానీ వార్నిష్ గానీ పట్టించమని అడగండి.

అన్నిటికంటే ముఖ్యం, తుపాకి చేతికి తీసుకున్న రోజున మెడ, ముందరి కట్టె, స్క్రూల చుట్టూ చూసి, ఉన్న గీతలు, పగుళ్లు రిజిస్టర్లో రాయించి సంతకం తీసుకోండి. కాక ఇప్పుడు రోజూ పొద్దున డ్యూటీ ఎక్కగానే రాస్తున్నాడు. మొన్న ఆ రిజిస్టర్ నేను చూశాను. తెలుగులో రాస్తే కుదరదన్నారని, మరాఠీలో ఒక్కటే వాక్యం, ప్రతి పేజీలోనూ: కట్టె చూశాను, కొత్త పగులు లేదు.